పైలట్ బ్యాగులో సీప్యాప్: లేఓవర్లకు ఏ మెషిన్ కొనాలి?

పైలట్ ఉన్న ఇంట్లో స్లీప్ టెస్ట్ రిపోర్టు చేతికొచ్చి, అందులో ‘అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా’ అన్న మాట కనబడగానే ముందుగా వచ్చే ప్రశ్న ఆరోగ్యం గురించి కాదు. లైసెన్సు ఉంటుందా, పోతుందా అని. ఆ భయంతోనే కొందరు రిపోర్టును బీరువాలో పెట్టేస్తారు. ‘గురక పెట్టడం గాఢ నిద్రకు గుర్తు’ అని పెద్దవాళ్లు తేలిగ్గా తీసిపారేసే ఇళ్లు మనలో ఇంకా చాలా ఉన్నాయి. బెంగళూరు, చెన్నై, ముంబై బేస్‌గా ఎగిరే మన పిల్లల ఇళ్లు కూడా ఇందుకు మినహాయింపు కాదు.

నిజానికి లైసెన్సుకు ముప్పు తెచ్చేది ఈ జబ్బు ఉండటం కంటే, దానికి చికిత్స లేకపోవడం. అమెరికాలో ఈ చికిత్స తీసుకుంటూనే విమానాలు నడుపుతున్న పైలట్లు వేలల్లో ఉన్నారు. యూరప్ నిబంధనలు కూడా అన్‌ఫిట్ అనేది సరిగా చికిత్స జరగని స్లీప్ ఆప్నియానే. మన దేశంలో క్లాస్ 1 మెడికల్ డీజీసీఏ పరిధిలో ఉంటుంది. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ లాంటి వైమానిక దళ కేంద్రాలు, డీజీసీఏ ఎంప్యానెల్ చేసిన డాక్టర్లు ఆ పరీక్షలు చేస్తారు. ఎవరి కేసు ఎలా తేలుతుందో చెప్పవలసింది వాళ్లే. అయితే ఏ దేశమైనా వాళ్లు అడిగేది ఒకటే: చికిత్స తీసుకుంటున్నారా, తీసుకుంటే రుజువు ఏది?

మెషిన్ ఎంపిక ఈ ప్రశ్న దగ్గరే మొదలవ్వాలి. దుకాణంలో ముందు చెప్పేది బరువు. పైలట్ ముందు అడగవలసింది రిపోర్టు.

అసలు ఏం జరుగుతుంది

నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. ఊపిరి పది సెకన్లో, అంతకన్నా ఎక్కువో ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మళ్లీ నిద్ర, మళ్లీ ఆగడం. గంటకు ఇలా ఎన్నిసార్లు జరిగిందో చెప్పే లెక్క పేరు ఏహెచ్‌ఐ. 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 ఆపైన తీవ్రం. మనిషి ఎనిమిది గంటలు మంచం మీదే ఉంటాడు కానీ నిద్ర మాత్రం పట్టినట్టు ఉండదు.

సీప్యాప్ మెషిన్ మాస్క్ ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపి ఆ దారి మూసుకుపోకుండా చూస్తుంది. సిడ్నీలో కాలిన్ సల్లివాన్ బృందం దీన్ని కనిపెట్టి 1981లో ప్రకటించింది. మామూలు మెషిన్లలో ఒత్తిడి 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి మట్టం దాకా ఉంటుంది. ఇది జబ్బును నయం చేసే మందు కాదు. కళ్లజోడు లాంటిది, పెట్టుకున్నంత సేపే పని చేస్తుంది. నెలలో పది రాత్రులు హోటళ్లలో గడిపే మనిషి ఆ పది రాత్రులూ మెషిన్ ఇంట్లో వదిలి వెళితే, మూడింట ఒక వంతు చికిత్స మానేసినట్టే. పైగా ఆ రాత్రుల తరువాతే కాక్‌పిట్‌లో కూర్చోవాలి.

విమానయాన రంగం ఈ జబ్బును గట్టిగా పట్టించుకునేలా చేసిన ఘటనల్లో ఒకటి హవాయిలో జరిగింది. 2008 ఫిబ్రవరి 13 ఉదయం హోనొలులు నుంచి హీలోకు బయలుదేరిన గో ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 1002లో కెప్టెన్, ఫస్ట్ ఆఫీసర్ ఇద్దరూ నిద్రపోయారు. విమానం హీలోను దాటి సముద్రం మీదుగా 26 నాటికల్ మైళ్లు ముందుకు వెళ్లిపోయింది. కంట్రోలర్లు పిలుస్తున్నా పావుగంటకు పైగా జవాబు లేదు. చివరికి మేలుకుని, వెనక్కి తిప్పి క్షేమంగా దింపారు. తరువాత చేసిన పరీక్షల్లో కెప్టెన్‌కు తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉన్నట్టు తేలింది. ఇది రాత్రి ఫ్లైట్ కాదు, పట్టపగలు. లోపల 40 మంది ప్రయాణికులు.

రిపోర్టే ప్రధానం

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2015 మార్చి నుంచి అమలు చేస్తున్న విధానంలో లెక్క స్పష్టంగా ఉంది. పైలట్ నిద్రపోయిన సార్లలో కనీసం 75 శాతం మెషిన్ వాడాలి. ఒక్కో నిద్రకు సగటున కనీసం 6 గంటలు వాడాలి. దానికి మెషిన్ నుంచి తీసిన ఏడాది రిపోర్టు కావాలి. ఇన్సూరెన్స్ కంపెనీల కోసం తీసే రిపోర్టు సరిపోదు, ఎందుకంటే ఆ లెక్క వేరు. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్‌కు రాత్రికి 4 గంటలు, అలా 70 శాతం రాత్రులు ఉంటే చాలు. పైలట్‌కు అది చాలదు. మన ఎగ్జామినర్ ఇదే అంకె అడగకపోయినా, ఈ కొలతకు నిలబడే రిపోర్టు చేతిలో ఉంటే ఎక్కడైనా ధైర్యంగా కూర్చోవచ్చు.

ఇక్కడ చాలామందికి తట్టని చిక్కు ఒకటుంది. రెస్‌మెడ్ మెషిన్లు రోజును అర్ధరాత్రి నుంచి కాక, మధ్యాహ్నం 12 నుంచి మరుసటి మధ్యాహ్నం 12 దాకా లెక్కిస్తాయి. రాత్రి పడుకునే వాళ్లకు ఇది చక్కగా సరిపోతుంది. రాత్రంతా ఎగిరి ఉదయం తొమ్మిదికి హోటల్లో పడుకుని మధ్యాహ్నం మూడుకు లేచే పైలట్ సంగతి వేరు. అతను ఆరు గంటలూ మాస్క్ పెట్టుకునే నిద్రపోయాడు. రిపోర్టు మాత్రం నిన్న 3 గంటలు, ఈ రోజు 3 గంటలు అని చూపిస్తుంది. అదే రోజు రాత్రి మళ్లీ పడుకుంటే ఆ గంటలు ఈ రోజు ఖాతాలో కలిసిపోతాయి. టైమ్ జోన్లు మారుతూ పోతే గందరగోళం ఇంకా పెరుగుతుంది.

అందుకని కొనే ముందే కొన్ని అడగాలి. ఎప్పుడు ఆన్ అయింది, ఎప్పుడు ఆఫ్ అయింది అనే సమయాలతో వివరమైన రిపోర్టు వస్తుందా, లేక రోజుకు ఒక అంకె మాత్రమేనా? ఏడాది పాత డేటా ఉంటుందా? మెషిన్ గడియారాన్ని ఎవరు మారుస్తారు, మీరా, ఫోనా? వీలైతే గడియారాన్ని ఒకే సమయంలో, అంటే మన ఐఎస్‌టీలోనో యూటీసీలోనో ఉంచేసి, ఏ ఊళ్లో ఉన్నా మార్చకండి. దాంతోపాటు రోస్టర్ కాపీ దాచుకోండి. 3 గంటల రోజు ఎందుకొచ్చిందో రోస్టరే చెబుతుంది.

అమ్మేవాడు ‘యాప్‌లో అన్నీ ఉంటాయి సార్’ అంటాడు. సరే అనకండి. వేరే మెషిన్‌ది ఒక ఏడాది రిపోర్టు పేరు చెరిపి ప్రింట్ తీసి చూపించమనండి. చూపించలేకపోతే ఎగ్జామినర్ ముందు మీరూ చూపించలేరు.

ఒకటా, రెండా

నెలకు రెండు మూడు నైట్ హాల్టులే ఉంటే రెండో మెషిన్ కొనకుండా ఇంటి మెషిన్‌నే బ్యాగులో వేసుకెళ్లడం మేలని నా అభిప్రాయం. కిలో పైచిలుకు బరువే. రికార్డు మొత్తం ఒకే చోట ఉంటుంది. లాంగ్ హాల్ వాళ్లకు, రోస్టర్‌లో సగం రాత్రులు బయటే ఉండేవాళ్లకు చిన్న మెషిన్ అవసరమే. అప్పుడు రెండూ ఒకే కంపెనీవి అయితే రిపోర్టులు కలపడం తేలిక. వేర్వేరు కంపెనీలవి అయితే రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, తేదీల వారీగా ఏ రాత్రి ఏ మెషినో చూపాలి. కేవలం ఇంటి మెషిన్ రిపోర్టు ఇస్తే నెలలో పది ఖాళీలు కనబడతాయి.

చిన్నవాటిలో ఎక్కువగా వినబడే పేరు రెస్‌మెడ్ ఎయిర్‌మినీ. మెషిన్ బరువు 300 గ్రాములు. నీళ్ల తొట్టి లేదు, మనం వదిలే ఊపిరిలోని తేమనే పట్టి తిరిగి ఇచ్చే చిన్న బిళ్ల ఉంటుంది. స్క్రీన్ ఉండదు, ఎస్‌డీ కార్డు ఉండదు, డేటా అంతా బ్లూటూత్ ద్వారా ఫోన్‌లోని యాప్‌కు వెళుతుంది. కాబట్టి ప్రతి లేఓవర్ తరువాత సింక్ చేసే అలవాటు ఉండాలి. ఫోన్ మార్చేటప్పుడు మరింత జాగ్రత్త. దీనికి అన్ని మాస్కులూ పట్టవు, కంపెనీ దీనికోసం చెప్పిన మాస్కులే వాడాలి. ఇంట్లో అలవాటైన మాస్క్ ఆ జాబితాలో లేకపోతే ముందు మాస్క్ సంగతి తేల్చుకుని, ఆ తరువాతే మెషిన్ గురించి ఆలోచించండి. బ్రీయాస్ జెడ్2, ట్రాన్సెండ్ మైక్రో కూడా ఇదే తరహా చిన్న మెషిన్లు. బైప్యాప్ రాసిచ్చిన వాళ్లకు ఇవి పనికిరావు, పెద్ద మెషిన్ మోయక తప్పదు.

చిన్న మోటారు వేగంగా తిరగాలి కనుక చప్పుడు కాస్త ఎక్కువ. పొడి గాలి ఊళ్లలో ముక్కు ఎండిపోవచ్చు. ఇలాంటివి కొనకముందే తెలియాలంటే వారం రోజులు అద్దెకు తీసుకుని ఇంట్లో వాడి చూడటమే దారి. ఒత్తిడి సెట్టింగు డాక్టర్ చేతనే పెట్టించుకోండి. ఇంటి మెషిన్‌లోని అంకెలే పెట్టినా ఆటో మోడ్‌లో రెండు కంపెనీల మెషిన్లు ఒకేలా స్పందించవు. మెషిన్ పెట్టుకున్నాక మిగిలే ఏహెచ్‌ఐ 5 లోపు ఉందా అని ఆ వారంలోనే చూడాలి.

సెకండ్ హ్యాండ్ వద్దు. 2021 జూన్ 14న ఫిలిప్స్ కంపెనీ తన మెషిన్లలో శబ్దం తగ్గించేందుకు పెట్టిన ఫోమ్ చితికి రేణువులుగా గాలిలో కలిసే ప్రమాదం ఉందని లక్షల మెషిన్లను రీకాల్ చేసింది. ప్రయాణాల కోసం తయారైన డ్రీమ్‌స్టేషన్ గో కూడా అందులో ఉంది. ఎవరో చవగ్గా ఇచ్చారని తీసుకునే మెషిన్ ఏ బ్యాచ్‌దో ఎవరికి తెలుసు?

కరెంటు, బ్యాటరీ, ఎత్తు

అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉంటే ఏ దేశంలోనైనా పని చేస్తుంది, ప్లగ్ ఆకారం మార్చే ముక్క ఒకటి చాలు. గల్ఫ్, సింగపూర్, లండన్‌లకు మూడు చదరపు పిన్నులది, అమెరికాకు రెండు బల్లపరుపు పిన్నులది. హోటళ్లలో మంచం పక్కన ప్లగ్ ఉండదు, రెండు మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు తీసుకెళ్లండి. ఈ వైరు లేక మాస్క్ తీసి పడుకున్న రాత్రులే ఎక్కువ ఉంటాయి.

బ్యాటరీ కొంటే దాని మీద వాట్ అవర్లు చూడండి. వోల్టులను యాంపియర్ అవర్లతో గుణిస్తే వస్తుంది. 24 వోల్టులు, 4 యాంపియర్ అవర్లు అయితే 96. వంద లోపు ఉన్నవి చేతి సామానులో మామూలుగా తీసుకెళ్లవచ్చు. 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. విడి బ్యాటరీ చెక్ ఇన్ సామానులో పెట్టకూడదన్న సంగతి పైలట్‌కు చెప్పనక్కరలేదు. మెషిన్ కూడా చెక్ ఇన్ చేయవద్దు. బ్యాగు వేరే ఊరికి వెళితే ఆ రాత్రి నిద్ర కూడా దానితోనే పోతుంది.

లాంగ్ హాల్ విమానాల్లో క్రూ రెస్ట్ బంకులో వాడాలనుకుంటే మెషిన్ విమానంలో వాడకానికి తగినదని తయారీదారు ఇచ్చిన పత్రం ఉండాలి. విద్యుదయస్కాంత తరంగాల పరీక్ష ఆర్‌టీసీఏ డీవో‑160 ప్రకారం జరిగిందన్న మాట అందులో చూడండి. అది ఉన్నా కంపెనీ అనుమతి విడిగా రాతపూర్వకంగా తీసుకోవాలి.

మెషిన్‌కు ఎత్తు పరిమితి కూడా ఉంటుంది. ఎయిర్‌మినీకి అది సుమారు 8,500 అడుగులు. విమానం క్యాబిన్ ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తుకు మించదు కనుక అక్కడ ఇబ్బంది లేదు. 7,600 అడుగుల ఎత్తున్న అడిస్ అబాబాలోనూ సరిపోతుంది. సుమారు 10,700 అడుగుల ఎత్తున్న లేహ్‌లో రాత్రి ఆగవలసి వస్తే మాత్రం పరిమితి దాటినట్టే.

తేమ తొట్టి ఉన్న మెషిన్ అయితే నీళ్లు పూర్తిగా ఒంపేశాకే బ్యాగులో పెట్టాలి. నీళ్లు మోటారులోకి దిగితే అంతే సంగతులు. ఇన్వర్టర్ కోసం పెట్రోల్ బంకులో అమ్మే బ్యాటరీ వాటర్ ఎప్పుడూ పోయవద్దు, అది మనిషి పీల్చడానికి చేసినది కాదు. డిస్టిల్డ్ వాటర్ మెడికల్ షాపులో తీసుకోండి.

ఇక మెడికల్ ఫారంలో గురక, నిద్ర గురించి అడిగే చోట నిజమే రాయాలి. తన ఆరోగ్యం తగ్గిందని తెలిసిన తరువాత లైసెన్సు హక్కులు వాడకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనలే చెబుతున్నాయి. దాచి ఎగిరి, తరువాత బయటపడితే అప్పుడు వచ్చే ప్రశ్న జబ్బు గురించి కాదు, అబద్ధం గురించి. రెన్యువల్‌కు వెళ్లేటప్పుడు స్లీప్ టెస్ట్ రిపోర్టు, డాక్టర్ రాసిన సెట్టింగులు, రెండు మెషిన్ల ఏడాది డేటా, రోస్టర్ కాపీ ఒక ఫైలులో పెట్టుకోండి. డేటాను మూడు నెలలకోసారి మీరే తీసి చూసుకోండి. మార్చిలో ఫోన్ మారినప్పుడు ఆగిపోయిన సింక్ సంగతి డిసెంబరులో ఎగ్జామినర్ గదిలో తెలియకూడదు.