కుర్సీ: దర్జా నుంచి హక్కు దాకా

కూర్చోవడానికి వాడేది కనక కుర్చీ అన్నారని చాలామంది అనుకుంటారు. కాదు. అది అరబీ లఫ్జ్ 'కుర్సీ'. ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి దిగింది. మన ఇళ్లల్లో పిల్లలకు నేర్పే ఆయతుల్ కుర్సీలో ఉన్నదీ ఈ మాటే. సూరె బఖరా, 255వ ఆయత్. అక్కడది అల్లాహ్ అజ్మత్‌ను చెప్పే మాట. జమీన్ మీద మనుషులు మాత్రం దాన్ని తమ హైసియత్‌కు నిషానీ చేసుకున్నారు.

పాతకాలం దఫ్తర్లలో మున్షీలు ఫర్ష్ మీదే కూర్చొని రాసేవారు. ముందు పొట్టి రాతబల్ల, పక్కన కలందాన్. అంగ్రేజీ తరీఖాతో కుర్చీలు వచ్చాయి, వాటితో పాటు కొత్త తేడాలూ వచ్చాయి. బ్రిటిష్ ఇలాఖాలో 'కుర్సీనషీన్' అనే దర్జా ఉండేది. సర్కారీ అఫ్సర్ ముందు కుర్చీలో కూర్చునే ఇజాజత్ ఉన్నవాడని అర్థం. దానికి సనద్ కూడా ఇచ్చేవారు!

ఒకప్పటి తాలూకా కేంద్రం మన రామన్నపేట. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో మండలం. ఈ నల్లగొండ ఇలాఖాలో కుర్చీ దొరది, నిలబడటం రైతుది. 'బాంచన్ దొరా' అని చేతులు కట్టుకోవాల్సిందే. జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ తన జమీన్ కోసం అదాలత్‌కెక్కాడు. 1940లో ఆయనను ఖతల్ చేశారు. 1946–51 సాయుధ పోరాటం జమీన్ కోసమే కాదు, ఇజ్జత్ కోసం కూడా.

దొరలు పోయారు. నిలబెట్టే ఆదత్ పోయిందా? బట్టల దుకాణంలో పొద్దుట్నుంచి రాత్రిదాకా నిలబడే ఆడపిల్లల్ని అడగండి. 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ నిలబడి పనిచేసే కార్మికులకు కూర్చునే ఇంతెజాం చేయాలంది. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు ఆ హక్కు కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో వచ్చింది.

మనలో దుకాణాలు, దఫ్తర్లు నడిపేవాళ్లు చాలామందే ఉన్నారు. మాలిక్‌కు మెత్తటి గద్దె, గుమాస్తాకు వీపు ఆనని స్టూలు. ఇది ఇన్సాఫ్ కాదు. మంచి కుర్చీ అంటే ఖరీదైనది కాదు. పాదాలు నేలకు ఆనాలి, నడుముకు సహారా ఉండాలి, మనిషిని బట్టి ఎత్తు మారాలి. కొనేముందు అందులో కూర్చునే మనిషినే కూర్చోబెట్టి చూడండి.

సనద్ అడగకుండా ఇచ్చే కుర్చీలోనే మాలిక్ అఖ్లాఖ్ తెలుస్తుంది.