ఎండాకాలం బొమ్మ

పొద్దుగూకితేగానీ డేరాలో బొమ్మ పడేది కాదు. టూరింగు టాకీసుకి ఉన్న టైంటేబులు అదొక్కటే. ఎండాకాలంలో పొద్దు ఓ పట్టాన వాలదు కాబట్టి పిల్లలకి పడమటి దిక్కే గడియారం. ఆయిలింజను దడదడమని మొదలయ్యేది. డేరా నెత్తిన కట్టిన మైకులోంచి, వెంకటేశ్వరస్వామి మీద ఘంటసాల పాడిన పాట ఊరి మీదికి వచ్చేది. టికెట్లు ఇస్తున్నారని ఆ పాటకు అర్థం. వంటింట్లో ఎసరు మీదున్న గిన్నెని చూసుకుని, ఇంకా ఎంతసేపో లెక్కవేసుకున్న ఇల్లాళ్లు కోస్తాలో, రాయలసీమలో ఎందరో!

అలా వెళ్లి చూసే సినిమా కొత్తదేమీ కాదు. ఈ సంగతి ఇప్పుడు మర్చిపోయాం. ‘ఈ వేసవికి విడుదల’ అని పత్రికల్లో, గోడల మీద కనబడే మాట చాలా ఊళ్లకి నిన్నమొన్నటిది. ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. కానీ అప్పట్లో ప్రింట్లు తక్కువ. విజయవాడ, గుంటూరు, రాజమండ్రి లాంటి పట్టణాల్లో వంద రోజులు ఆడి, చిన్న పట్టణాలు తిరిగి, గీతలు పడ్డ రీళ్లతో బాక్సు పల్లెటూరి డేరాకి చేరేసరికి ఏళ్లు గడిచేవి. ఊళ్లోకి బాక్సు వచ్చిన రోజే ఆ ఊరికి విడుదల తేదీ. రిక్షాకి మైకు కట్టి, రంగు కాగితాల కరపత్రాలు విసురుతూ ‘నేడే చూడండి’ అని అరిచిన మనిషి అబద్ధం చెప్పినట్టు కాదు.

ఈ డేరా సంప్రదాయానికి మూలపురుషుడు మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య. మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుకుంటున్న ఆయన, బొమ్మకి గ్రామఫోను మాట జోడించే క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని 1910 ప్రాంతంలో కొన్నాడు. డేరా వేసుకుని దక్షిణాదంతా తిరిగాడు. అంతటితో ఆగక సింహళం, బర్మా కూడా వెళ్లొచ్చాడు. మద్రాసులో గెయిటీ థియేటరు కట్టింది ఆ తర్వాతే. అంటే తెలుగువాడి సినిమా వ్యాపారం గోడల మధ్య కాక, గుంజలకి కట్టిన గుడ్డ కింద మొదలైంది. విజయవాడలో 1921లో పోతిన శ్రీనివాసరావు మారుతీ హాలు పెట్టాక పట్టణాలు ఒకదాని వెంట ఒకటి పక్కా హాళ్ల వైపు నడిచాయి. పల్లెలు మాత్రం ఇంకో అర్ధశతాబ్దం డేరాతోనే సరిపెట్టుకున్నాయి.

డేరాకీ ఎండాకాలానికీ పొత్తు కుదరడంలో వింతేమీ లేదు. వాన కురిస్తే గుడ్డ కారుతుంది, నేల చిత్తడవుతుంది, ఆట ఆగుతుంది. కోతలైపోతే ఊరి చుట్టూ ఖాళీ చోటు దొరుకుతుంది, చేతిలో నాలుగు డబ్బులుంటాయి. బడులకి సెలవులు. పెళ్లిళ్లకి వచ్చిన చుట్టాలు ఇంకా కదలరు. ఇంట్లో ఎలాగూ ఉక్క. నేల టికెట్టు కొంటే చల్లటి ఇసుక. ముందు కూర్చున్నవాడి తల అడ్డొస్తే ఇసుకని గుట్టగా పోగేసుకుని దాని మీదెక్కి కూర్చోవడం పిల్లల విద్య. వెనకాల బెంచీ, ఆ వెనక కుర్చీ. ఆడవాళ్లకి, మగవాళ్లకి మధ్య ఓ అడ్డు. ఉన్నది ఒకే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. వేరుశనక్కాయలవాడికి, గోళీసోడావాడికి ఒక సినిమాలో మూడు నాలుగు ఇంటర్వెళ్లు దొరికేవి. పాటల పుస్తకాలు అమ్ముడుపోయేదీ అప్పుడే.

చల్లదనం ప్రేక్షకుడిది. ఆపరేటరు సంగతి వేరు. కార్బన్ పుల్లల మధ్య మండే వెలుగుతోనే తెర మీద బొమ్మ పడేది. ఆ పుల్లలు అరిగేకొద్దీ దగ్గరికి జరుపుతూ, చొక్కా విప్పేసి, ఇరుకు క్యాబిన్లో కొలిమి ముందు నిలబడ్డట్టు నిలబడేవాడు. బొమ్మ కాస్త మసకబారితే నేల టికెట్టువాళ్లు ఈలలు వేసి తిట్టేది ఆయన్నే.

ఇక్కడో తమాషా ఉంది. అమెరికాలో ఒకప్పుడు వేసవి అంటే సినిమాహాళ్లకి గడ్డుకాలం. ఉక్కకి జనం వచ్చేవారు కాదు. 1925లో న్యూయార్కు రివోలి థియేటర్లో క్యారియర్ కంపెనీ శీతల యంత్రం పెట్టాక గానీ అక్కడ వేసవి సీజను నిలదొక్కుకోలేదు. మన దగ్గర వరస తలకిందులు. సీజను ముందొచ్చింది, ఏసీ తర్వాత వచ్చింది. రేకుల హాల్లో నడివేసవి మ్యాటినీకి కూడా, పంకా కింద సీటు కోసం తోసుకుంటూ, తడిసిన చొక్కాలతో జనం కూర్చున్నారు. ‘ఏసీ’ అని బోర్డు మీద రాసుకోవడం పట్టణపు హాలుకి హోదా అయ్యాక, ఇంటర్వెల్ తర్వాత దాన్ని ఆపేసే యాజమాన్యాల మీద జోకులూ పుట్టాయి.

పెద్ద సినిమాని పనిగట్టుకుని ఎండల్లోకి దింపడం క్రమంగా అలవాటైంది. తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రం ‘లవకుశ’ 1963 మార్చి 29న వచ్చింది. పల్లెల నుంచి బండ్లు కట్టుకుని జనం పట్టణానికి బయల్దేరారు. బాక్సు ఊరికి వచ్చేదాకా ఆగలేక ఊరే బాక్సు దగ్గరికి వెళ్లిందన్నమాట. తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ 1974 మే 1న, ‘అడవి రాముడు’ 1977 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. ఆ రెండోదాని తర్వాత వేసవి అంటే సంక్రాంతి, దసరాలకి సాటి వచ్చే సీజనని పంపిణీదారులకి గట్టిగా నమ్మకం కుదిరింది. సినిమావాళ్లకి నమ్మకం కుదిరితే అది తేదీకి అంటుకుంటుంది. 2006లో ‘పోకిరి’, 2017లో ‘బాహుబలి’ రెండో భాగం అదే ఏప్రిల్ 28న వచ్చి ఆడాయి. 2023లో అదే తేదీని నమ్ముకుని వచ్చిన ‘ఏజెంట్’ నిలవలేదు. ఈ విషయాన్ని సెంటిమెంటు చెప్పేవాళ్లు ఎత్తరు.

మే 9 కథ ఇంకా గట్టిది. 1990లో ఆ రోజున కోస్తాలో పెను తుఫాను తీరం దాటింది. వందల మంది చనిపోయారు. రోడ్లు తెగిపోయాయి, కరెంటు పోయింది. సరిగ్గా ఆ రోజే ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విడుదల. తొలి రోజుల్లో ఖాళీ కుర్చీలు చూసి, ఆ సినిమా తీసిన వైజయంతీ సంస్థ బెంబేలెత్తడంలో తప్పులేదు. నీళ్లు తీశాక జనం వచ్చారు. వచ్చి, ఆ వేసవంతా వస్తూనే ఉన్నారు. మరుసటేడు మే 9న ‘గ్యాంగ్ లీడర్’ వచ్చింది. 2018లో ‘మహానటి’, 2019లో ‘మహర్షి’ ఆ తేదీకే దిగాయి.

ఈ లోపల డేరాలు కనుమరుగయ్యాయి. బాక్సు కూడా పోయింది. డిజిటల్ ప్రొజెక్టరు వచ్చాక ‘బాహుబలి’ రెండో భాగం హైదరాబాదులోనూ, మారుమూల మండల కేంద్రంలోనూ ఒకే రోజు, ఒకే మెరుపుతో పడింది. గీతల ప్రింటు కోసం ఏళ్లు ఎదురుచూసిన ఊరికి ఇది న్యాయమే. అయితే అన్ని ఊళ్లూ ఒకేసారి చూసేస్తే ఒక సినిమా ఆయుష్షు రెండు వారాలకి కుదించుకుపోతుంది. వంద రోజుల సినిమాతో గడిచిన వేసవికి ఇప్పుడు అరడజను సినిమాలు కావాలి.

అవి రాని ఏడు ఏమవుతుందో 2024 చూపించింది. ఎన్నికలు, ఐపీఎల్. మే 9కి అనుకున్న ‘కల్కి 2898 ఏడీ’ జూన్ 27కి జరిగింది. మే నడుమ తెలంగాణలో సింగిల్ స్క్రీన్ యజమానులు పది రోజులపాటు హాళ్లు మూసేస్తామని ప్రకటించారు. సెలవుల నెలలో, ఎండలు మండే రోజుల్లో, జనం లేక హాలుకి తాళం! డేరా యజమానులకి చెబితే నమ్మేవారు కాదు.

మరుసటేడు మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ మళ్లీ విడుదలైంది. పాత బొమ్మని డిజిటల్‌లో శుభ్రం చేసి, త్రీడీ కూడా జోడించారు. ముప్ఫై అయిదేళ్ల నాటి సినిమాకి టికెట్లు తెగాయి. తొలిసారి తుఫాను రోజుల్లో చూసినవాళ్లు ఈసారి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, ఏసీ హాల్లో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. ఎప్పుడో పట్నంలో ఆడేసిన సినిమా ఎండాకాలంలో మళ్లీ ఊరికి రావడం ఆ డేరాల నాటి పద్ధతే. మైకులో ఘంటసాల పాట ఒక్కటే లేదు.