ఆగమన్న మాట ఎవరిది? శ్రీహరికోట కౌంట్‌డౌన్ నుంచి సర్వర్ డ్రైవర్ల దాకా

కంప్యూటర్ల చరిత్ర అనగానే వేగం ఎంత పెరిగింది, పరిమాణం ఎంత తగ్గింది అన్న లెక్కలే సాధారణంగా గుర్తుకొస్తాయి. ఈ వ్యాసంలో మీరు వేరొక ప్రశ్నతో బయలుదేరండి. ఒక యంత్రం తన బాగోగుల గురించి తానే కబురు పెట్టగలిగినప్పుడు ఆ కబురు ఎవరికి చేరాలి? దాన్ని కాదనే అధికారం ఎవరికి ఉండాలి? సర్వర్లలో హార్డ్‌వేర్‌ను కనిపెట్టుకుని ఉండే కెర్నెల్ డ్రైవర్లను అమర్చే ప్రతివారూ, తెలిసో తెలియకో, ఈ ప్రశ్నకు జవాబు రాస్తూనే ఉంటారు. అదే ప్రశ్న నెల్లూరు తీరంలో చాలా ముందే, చాలా పెద్ద ఎత్తున ఎదురైంది. కనుక ముందుగా అక్కడికి వెళదాం.

శ్రీహరికోట, 1979

సూళ్లూరుపేటలో రైలు దిగి తూర్పుకు వెళితే పులికాట్ సరస్సును చీల్చుకుంటూ సాగే రోడ్డు మిమ్మల్ని శ్రీహరికోట దీవికి చేరుస్తుంది. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గాని, మనం చెప్పుకోబోయే కాలంలో చాలాభాగం అది నెల్లూరు జిల్లాయే. తూర్పున జనావాసం లేని సముద్రం. భూమి తిరిగే దిక్కుకే రాకెట్‌ను వదిలితే కొంత వేగం ఉచితంగా కలిసొస్తుంది. ఈ అనుకూలతలు చూసి 1969లో ఈ దీవిని ఎంపిక చేశారు. తరతరాలుగా అక్కడ బతుకుతున్న యానాదుల్లో చాలామంది ఆ నేలను వదలవలసి వచ్చింది. అది విడిగా చదవవలసిన చరిత్ర. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో ఇక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి.

1979 ఆగస్టు 10 ఉదయం ఎస్ఎల్‌వీ-3 తొలి ప్రయోగం. పొడవు సుమారు 23 మీటర్లు, బరువు 17 టన్నులు, నాలుగు దశలు. ప్రాజెక్టు బాధ్యత ఏ.పి.జె. అబ్దుల్ కలాంది. ఆనాటి ఘట్టాన్ని ఆయన తరువాతి కాలంలో అనేక ప్రసంగాల్లో చెప్పుకున్నారు. చివరి నిమిషాల్లో కౌంట్‌డౌన్ కంప్యూటర్ చేతిలోకి వెళ్ళింది. అది వరుసగా పరీక్షలు చేసుకుంటూ పోయి, ఒకచోట ప్రయోగాన్ని నిలిపివేసింది. నియంత్రణ వ్యవస్థలో ఏదో సరిగా లేదన్నది దాని కబురు. వెనుక నిలబడిన నిపుణులు లెక్కలు చూశారు. లీకు ఉన్నమాట నిజమే, అయినా మిగిలిన ద్రవం సరిపోతుంది, ముందుకు వెళ్ళవచ్చు అన్నారు. కలాం కంప్యూటర్‌ను పక్కనబెట్టి, మనుషుల అదుపులో ప్రయోగం జరిపించారు.

మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండో దశలో రాకెట్ అదుపు తప్పింది. 317 సెకన్ల తరువాత, తీరానికి 560 కిలోమీటర్ల దూరాన, ఉపగ్రహంతో సహా బంగాళాఖాతంలో పడింది. తరువాతి విచారణలో కారణం దొరికింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆక్సిడైజర్ ట్యాంకు దగ్గరి ఒక వాల్వు, మలినం చేరడం వల్ల, ఒకసారి తెరుచుకుని మళ్ళీ మూసుకోలేదు. నత్రికామ్లం కారిపోయింది. ఆ రోజు పత్రికలవారి ముందుకు వెళ్ళి వైఫల్యపు భారాన్ని తనమీద వేసుకున్నది ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్. సరిగ్గా ఏడాదిలోపే, 1980 జూలై 18న, రోహిణి ఉపగ్రహం కక్ష్యకు చేరింది.

ఇక్కడ చరిత్ర విద్యార్థులుగా మీరు రెండు సంగతులు గమనించాలి. దశాబ్దాల తరువాత వేదికమీద చెప్పిన జ్ఞాపకం నాయకత్వం గురించిన కథగా మలుపు తిరగడం సహజం. ధావన్ ఔదార్యం ముందుకొచ్చి కంప్యూటర్ వెనక్కి పోయింది. రెండోది, కంప్యూటర్ మాట వినకపోవడం వల్లే నష్టం జరిగిందని తేల్చేయడం తొందరపాటు. నిపుణులు కబురును నిర్లక్ష్యం చేయలేదు. లీకు ఉందని ఒప్పుకున్నారు. దాని పరిమాణాన్ని అంచనా వేయడంలో పొరపడ్డారు. కనిపెట్టడం, కబురు చేర్చడం సరిగానే జరిగాయి. తీర్పు దగ్గర లెక్క తప్పింది. నా దృష్టిలో ఈ మూడు పనులను విడదీసి చూడకపోతే ఈ ఉదంతం నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఒక్క సెకను

ఇప్పుడు 2001 మార్చి 28కి వద్దాం. అదే దీవి, జీఎస్ఎల్‌వీ తొలి ప్రయోగం. ఈ రాకెట్‌లో మధ్యన ఘన ఇంధన దశ, దాని చుట్టూ నాలుగు ద్రవ ఇంధన బూస్టర్లు ఉంటాయి. ఘన ఇంధనం మన దీపావళి చిచ్చుబుడ్డి లాంటిది. ఒకసారి అంటుకుంటే ఆర్పడం కుదరదు. ద్రవ ఇంజిన్లను మాత్రం ఆపవచ్చు. అందుకే బూస్టర్లను 4.8 సెకన్ల ముందుగా వెలిగించి, అవి సరిపడా బలంతో నెడుతున్నాయని తేలాకే మధ్య దశను వెలిగించేలా ఏర్పాటు చేశారు.

ఆ రోజు బూస్టర్లు అంటుకున్నాయి. నాలుగింటిలో ఒకటి ఇవ్వవలసినంత బలం ఇవ్వడం లేదని కంప్యూటర్ వ్యవస్థ గుర్తించి, రాకెట్ లేవడానికి ఒక సెకను ముందు అన్నింటినీ ఆపేసింది. రాకెట్ వేదిక మీదే నిలిచిపోయింది. మూడు వారాల తరువాత, ఏప్రిల్ 18న, అదే రాకెట్ జీశాట్-1ను తీసుకుని లేచింది. ఉపగ్రహం అనుకున్న కక్ష్యకు పూర్తిగా చేరలేదన్నది వేరే సంగతి.

1979లో ఆలోచించుకోవడానికి నిమిషాలున్నాయి. 2001లో ఉన్నవి సెకన్లు. మనుషులు చర్చించే వ్యవధి లేనిచోట తీర్పును ముందే రాసిపెట్టుకోవాలి. నిలిపే అధికారాన్ని యంత్రానికి ఇచ్చింది దానిమీది భక్తితో కాదు. కాలం చాలకే ఇచ్చారు.

అయితే యంత్రం ఆపిన ప్రతిసారీ వాహనంలో లోపం ఉండాలని లేదు. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ పరీక్షా వాహనం టీవీ-డీ1 కౌంట్‌డౌన్ 5 సెకన్ల దగ్గర ఆగిపోయింది. ఇస్రో వర్గాలు కారణాన్ని వెతికాయి. లోపం పర్యవేక్షణ వ్యవస్థలోనే ఉందని తేల్చుకుని సరిదిద్ది, అదే ఉదయం 10 గంటలకు విజయవంతంగా ప్రయోగించాయి. ఆపిన కంప్యూటర్‌ను మళ్ళీ కదిలించడం 1979లోనూ జరిగింది, 2023లోనూ జరిగింది. తేడా ఎక్కడుందో మీరే చెప్పగలరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 1979, 2001, 2023 సంఘటనల్లో కనిపెట్టడం, కబురు చేర్చడం, తీర్పు అనే మూడు పనులూ ఎవరెవరు చేశారో మీ నోటు పుస్తకంలో రాయండి.

సర్వర్ లోపలి దుబాసీ

ఇక సర్వర్ సంగతి. సర్వర్లు గదులు నిండి, ఆ గదులు మనుషులకు దూరమైన కొద్దీ, ఫ్యాన్ ఆగిపోయినా వేడి పెరిగినా చూసే కన్ను లేకుండా పోయింది. 1998లో ఇంటెల్, హ్యూలెట్-ప్యాకర్డ్, ఎన్ఈసీ, డెల్ సంస్థలు కలిసి ఐపీఎంఐ అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. దీని ప్రకారం మదర్‌బోర్డు మీద బీఎంసీ అనే ఒక చిన్న ప్రత్యేక ప్రాసెసర్ ఉంటుంది. సర్వర్‌ను ఆపివేసినా కరెంటు అందుతున్నంతసేపు ఇది మేలుకునే ఉంటుంది. ఉష్ణోగ్రత, వోల్టేజీ, ఫ్యాన్ల వేగం చూస్తూ, జరిగిన వాటిని తన సొంత చిట్టాలో రాసుకుంటుంది.

బీఎంసీ భాష ఆపరేటింగ్ సిస్టమ్‌కు నేరుగా అర్థం కాదు. మధ్యలో దుబాసీ కావాలి. కోరమండల్ తీరంలో కంపెనీ దొరలకూ స్థానిక వర్తకులకూ మధ్య దుబాసీలు చేసిన పనినే కెర్నెల్ డ్రైవర్ ఇక్కడ చేస్తుంది. లినక్స్‌లో ఈ పనిని భాగాలుగా పంచారు. ఐపీఎంఐ మెసేజ్ హ్యాండ్లర్ సందేశాలను ఎవరివి వారికి చేరుస్తుంది. ఐపీఎంఐ ఎస్ఐ అనే మాడ్యూల్ బీఎంసీతో మాట్లాడుతుంది. డెవ్ ఇంటర్‌ఫేస్ మాడ్యూల్ మామూలు ప్రోగ్రాములు అడగడానికి వీలుగా ఒక ద్వారం తెరుస్తుంది. ఈ మూడోదాన్ని లోడ్ చేయడం మరిచిపోతే, కింద అంతా సవ్యంగా ఉన్నా ఐపీఎంఐటూల్ వంటి ప్రోగ్రాముకు సర్వర్ లోపల సమాధానం చెప్పేవారుండరు.

ఐపీఎంఐ ఎస్ఐ సాధారణంగా బీఎంసీ చిరునామాను ఫర్మ్‌వేర్ పట్టికల నుంచి తానే తెలుసుకుంటుంది. పట్టికలో లేకపోతే రకం కేసీఎస్ అనీ, పోర్టు హెక్సాడెసిమల్‌లో సీఏ2 అనీ మీరే చెప్పవలసి రావచ్చు. కేసీఎస్ అంటే కీబోర్డ్ కంట్రోలర్ తరహా. పాత పీసీల కీబోర్డ్ చిప్ మాట్లాడిన పద్ధతినే కొత్త పనికి వాడుకున్నారన్నమాట. కంప్యూటర్ చరిత్రలో పాత మర్యాదలు ఇలా ఎక్కడెక్కడో బతికి ఉంటాయి.

మన ప్రశ్నకు అసలు చోటు వాచ్‌డాగ్ మాడ్యూల్. సర్వర్‌లోని ఒక ప్రోగ్రాము "నేను బాగానే ఉన్నాను" అని తరచుగా చెబుతూ ఉండాలి. నిర్ణీత వ్యవధిలో ఆ మాట రాకపోతే బీఎంసీ చర్య తీసుకుంటుంది. ఐపీఎంఐ వాచ్‌డాగ్ డ్రైవర్‌లో ఈ వ్యవధి, మీరు మార్చకపోతే, 10 సెకన్లు. చర్యగా రీసెట్ చేయమనవచ్చు, కరెంటు తీసేయమనవచ్చు, తీసి మళ్ళీ ఇవ్వమనవచ్చు, ఏమీ చేయవద్దనీ అనవచ్చు. ప్రీ-టైమౌట్ పెడితే చర్యకు కొన్ని సెకన్ల ముందు ఒక హెచ్చరిక వస్తుంది. నో-వే-అవుట్ పెడితే, గడియారం ఒకసారి నడవడం మొదలయ్యాక ప్రోగ్రాము దాన్ని మూసేసినా ఆగదు.

ఈ విలువలు నింపేటప్పుడు 1979నూ 2001నూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. రాత్రంతా మనుషులు లేని గదిలో, ఆగిపోతే వెంటనే లేవవలసిన వెబ్ సర్వర్‌కు రీసెట్, నో-వే-అవుట్ సబబు. అక్కడ చర్చకు వ్యవధీ లేదు, మనిషీ లేడు. డేటాబేస్ పెద్ద లెక్క మధ్యలో 10 సెకన్లు తడబడటం మామూలైన చోట అదే అమరిక మంచి యంత్రాన్ని పడగొడుతుంది. అలాంటి చోట మొదట కొన్ని వారాలపాటు చర్యను "ఏమీ చేయవద్దు" అని ఉంచి, ప్రీ-టైమౌట్ హెచ్చరికలు ఎన్నిసార్లు, ఏ పని జరుగుతుండగా వచ్చాయో చూసుకుని, ఆ తరువాతే వ్యవధినీ చర్యనూ ఖరారు చేయండి. సర్వర్ హఠాత్తుగా తిరిగి లేచిన రోజున ముందుగా బీఎంసీ చిట్టాను చదవండి. ఆపరేటింగ్ సిస్టమ్ పడిపోయిన క్షణంలో దాని సొంత లాగ్‌లో చివరి వాక్యాలు రాయబడకపోవచ్చు. బీఎంసీ చిట్టా విడిగా ఉంటుంది కనుక అందులో వాచ్‌డాగ్ తీసుకున్న చర్య నమోదై ఉంటుంది.