నర్సు చూస్తే ఫీజు ఎవరిస్తారు?

1971 జూలైలో కెనడాలోని బర్లింగ్టన్‌లో ఇద్దరు ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్‌కు వచ్చే 1,598 కుటుంబాలకు లాటరీ తీశారు. మూడింట రెండు వంతుల కుటుంబాలకు ఎప్పట్లాగే డాక్టరు. మిగిలిన వంతును మొదట చూసేది నర్సు. మందివ్వాలా, ధైర్యం చెప్పి పంపాలా, డాక్టరుకు చూపించాలా అన్నది ఆమే తేలుస్తుంది.

నర్సుకు ఈ పాత్ర అంతకు ఆరేళ్ల ముందు అమెరికాలో వచ్చింది. కొలరాడో పల్లెల్లో పబ్లిక్ హెల్త్ నర్సుగా పనిచేసిన లొరెట్టా ఫోర్డ్, డాక్టరు అందుబాటులో లేనిచోట పిల్లల ఆరోగ్యం ఎంతగా నర్సుల మీద ఆధారపడి ఉందో దగ్గర నుంచి చూశారు. ఆ బాధ్యతకు తగిన చదువు, అధికారం కూడా వాళ్లకు ఉండాలన్నది ఆమె పట్టుదల. పిల్లల వైద్యుడు హెన్రీ సిల్వర్‌తో కలిసి 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో శిక్షణ మొదలుపెట్టారు. అలా పుట్టిందే ‘నర్స్ ప్రాక్టీషనర్’. నర్సింగ్ అధ్యాపకుల్లోనే కొందరు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. అదే ఏడాది డ్యూక్ విశ్వవిద్యాలయంలో యూజీన్ స్టెడ్ నౌకాదళంలో వైద్య సహాయకులుగా చేసినవారిని తీసుకుని ‘ఫిజీషియన్ అసిస్టెంట్’ కోర్సు తెరిచారు.

అయినా అసలు భయం అలాగే ఉంది. నర్సు చేతిలో రోగికి ఏమైనా అయితే? మాటలతో తేలే ప్రశ్న కాదది. అందుకే మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ స్పిట్జర్, డేవిడ్ సాకెట్ బృందం కొత్త మందును పరీక్షించినట్టే కొత్త ఉద్యోగాన్నీ పరీక్షకు పెట్టింది. బర్లింగ్టన్ లాటరీ అందుకే.

ఏడాది గడిచింది. నర్సుల వంతుకు వచ్చిన సందర్శనల్లో 67 శాతం డాక్టరు అవసరం లేకుండానే ముగిశాయి. రెండు వర్గాల్లోనూ మరణాలు, శారీరక, మానసిక ఆరోగ్యం ఒకేలా ఉన్నాయి. ఎంచుకున్న కొన్ని జబ్బులకు అందిన వైద్యాన్ని పరిశీలిస్తే, డాక్టర్ల వైపు 66 శాతం, నర్సుల వైపు 69 శాతం కేసుల్లో అది సరిగా ఉందని తేలింది. 1974లో ఫలితాలు అచ్చయ్యాయి. 2018లో ఇలాంటి 18 ప్రయోగాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష కూడా నర్సుల వైద్యం డాక్టర్ల వైద్యానికి తీసిపోదనే చెప్పింది. నర్సులు ఒక్కో రోగికి ఎక్కువ సమయం ఇస్తున్నారని కూడా గమనించింది. ఆ సమయం వల్ల ఖర్చు తగ్గకపోవచ్చు. కానీ బీపీ, షుగర్‌తో ఏళ్ల తరబడి బతకాల్సిన మనిషికి కూర్చోబెట్టి మాట్లాడటం వైద్యంలో భాగమే. దాన్ని దుబారా లెక్కలో వేయడం అన్యాయం.

బర్లింగ్టన్‌లో చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. సమాజం మొత్తంగా చూస్తే ఈ పద్ధతి లాభమే. క్లినిక్ రాబడి మాత్రం 5 శాతం పడిపోయింది. నర్సు చూసిన రోగికి బిల్లు వేసే వీలు నాటి బీమా నిబంధనల్లో లేదు మరి. మంచి వైద్యం అందించినందుకు డాక్టర్లే నష్టపోయారు. కొత్త ఉద్యోగంతో ఖర్చు తగ్గుతుందా అని అడిగేవాళ్లు ముందు చూడాల్సింది ఈ నిబంధనల్నే.

అమెరికాలో వృద్ధుల బీమా మెడికేర్ కింద ఎక్కడ పనిచేసే నర్స్ ప్రాక్టీషనరైనా నేరుగా బిల్లు వేసుకునే హక్కు 1997 చట్టంతో గానీ రాలేదు. అదీ డాక్టరు ఫీజులో 85 శాతమే. మిగతా 15 శాతం కోసం నర్సుల సంఘాలు ఇంకా అడుగుతూనే ఉన్నాయి.