ల్యాప్‌టాప్‌లో తెలుగు పని: కార్డు కాలం నుంచి కీబోర్డు కాలం దాకా

ల్యాప్‌టాప్‌లో పని తొందరగా ఎట్లా చేసుకోవాలో చెప్పమని చాలామంది అడుగుతుంటారు. చెప్తాను. కానీ ముందు కొంచెం చరిత్ర చూద్దాం. ఎందుకంటే ఇంగ్లీషు ఉత్తరం పది నిమిషాల్లో కొట్టే మనిషి, అదే ఉత్తరం తెలుగులో అనేసరికి డీటీపీ షాపుకు పోతాడు. ఆ మనిషికి చేతగాక కాదు, దాని వెనక నలభై ఏళ్ళ కథ ఉంది.

నేను మాట్లాడేది వెలిమెల నుంచి. మాకు ఒక దిక్కు పటాన్‌చెరు పారిశ్రామికవాడ, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్. ఇంకో దిక్కు కొల్లూరు మీదుగా పోతే ఐటీ కంపెనీలు. ఇక్కడ ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన లేని కుర్రాడు తక్కువ. అయినా ఆఫీసు పనికో, భూమి కాగితానికో తెలుగులో దరఖాస్తు రాయాలంటే ఇప్పటికీ ఇంకొకరి చేతి మీద ఆధారపడేవాళ్ళే ఎక్కువ.

సరే, మొదటికి పోదాం. 1981లో అమెరికాలో ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటర్ వచ్చింది. మోసుకుపోయే కంప్యూటర్ అన్నారు గానీ బరువు దాదాపు 11 కిలోలు, తెర 5 అంగుళాలు. ధర 1,795 డాలర్లు. అయినా జనం కొన్నారు. దాంతోపాటే వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్ అనే సాఫ్ట్‌వేర్లు ఇచ్చారు కాబట్టి. పెట్టె తెరిచిన రోజే ఉత్తరం రాసుకోవచ్చు, లెక్క వేసుకోవచ్చు. మరుసటి ఏడు గ్రిడ్ కంపాస్ వచ్చింది, పుస్తకంలాగ మూసే రూపం దానిది. 1991లో ఆపిల్ పవర్‌బుక్‌లో కీబోర్డును వెనక్కి జరిపి, ముందు అరచేతులు ఆనించుకునే జాగా ఇచ్చారు. ఇవాళ మన ల్యాప్‌టాప్‌లన్నీ అదే తీరులో ఉన్నాయి.

మరి అదే కాలంలో మన భాషల సంగతేంది? మనోళ్ళు ఖాళీగా లేరు. ఐఐటీ కాన్పూర్‌లో జిస్ట్ అనే సాంకేతికత తయారైంది, తర్వాత పుణెలోని సీ-డాక్ దాన్ని ముందుకు తీసుకుపోయింది. భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరికగా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు 1986లో వచ్చింది. అయితే జిస్ట్ అనేది ఒక కార్డు. కంప్యూటర్ మూత తీసి లోపల బిగించాలి. డెస్క్‌టాప్‌లో బిగించొచ్చు. ల్యాప్‌టాప్‌లో ఆ కార్డుకు చోటెక్కడిది? అట్ల తెలుగు టేబుల్ మీదనే ఆగిపోయింది, ఇంగ్లీషు బ్యాగులో ఎక్కి ఊరు తిరిగింది.

తర్వాత డీటీపీ కాలం. శ్రీలిపి, అను ఫాంట్లు వచ్చాయి. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు ముచ్చటగా అచ్చయ్యాయి. కానీ లోపల ఒక కిటుకు ఉంది. తెర మీద కనిపించేది తెలుగు, ఫైల్లో దాగేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. అందులో ఒక పేరు వెతకాలన్నా దొరకదు. అంటే ఆ పని కాగితం దాకానే, కంప్యూటర్‌కు అది తెలుగని తెలియదు.

విదేశాల్లో ఉన్న తెలుగు విద్యార్థులది ఇంకో దారి. అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో పుట్టిన లిప్యంతరీకరణ పద్ధతిని ఆర్‌టీఎస్ అంటారు. ఇంగ్లీషు కీబోర్డులోనే చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. కొత్త కీబోర్డు నేర్చుకునే పని లేదు.

ఈ దారులన్నీ యూనికోడ్ దగ్గర కలిశాయి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటుంది. కానీ మామూలు మనిషి కంప్యూటర్‌లోకి అది రావడానికి పదేళ్ళు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చాక, ఏ ఇన్‌స్టాలేషనూ లేకుండా బ్రౌజర్లోనే తెలుగు రాయడం వచ్చేసింది. ఇంకెవరి కార్డూ అక్కర్లేదు, ఎవరి ఫాంటూ అక్కర్లేదు.

ఇప్పుడు ఈ చరిత్ర నుంచి మనం పట్టుకుపోవాల్సిన పనిముట్లు చెప్తాను.

ఒకటి, ఏదో ఒక కీబోర్డు పట్టుకోండి, రోజుకొకటి మార్చకండి. అప్పుడప్పుడు రాసేవాళ్ళకు ఇంగ్లీషు అక్షరాల పద్ధతి చాలు. 2019 నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. రోజూ రాసేవాళ్ళు మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. అందులో తెలుగు క ఉన్న మీటలోనే హిందీ క, ఒడియా క కూడా ఉంటాయి. మన ఫ్యాక్టరీల్లో నోటీసు తెలుగులోనూ హిందీలోనూ పెట్టాల్సిన సూపర్‌వైజర్‌కు ఒక్కసారి నేర్చుకుంటే రెండు భాషలూ వచ్చినట్టే.

రెండు, భాష మార్చడానికి మౌస్ పట్టుకోకండి. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే చాలు. విండోస్ మీటతో వీ నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవి వరసగా కనిపిస్తాయి. మొదటిసారి దాన్ని ఆన్ చేసుకోవాలి. ఊరి పేరు, సర్వే నంబరు లాంటివి మళ్ళీ మళ్ళీ కొట్టే బాధ తప్పుతుంది.

మూడు, మెడ సంగతి. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చేతికి సరిపోయే ఎత్తులో పెడితే మెడ వంగుతుంది, కంటికి సరిపోయే ఎత్తులో పెడితే చెయ్యి లేస్తుంది. నాలుగు లావు పుస్తకాల మీద ల్యాప్‌టాప్ పెట్టి, విడిగా ఒక మామూలు కీబోర్డు తగిలించుకోండి. గంటల తరబడి పనిచేసేవాళ్ళకు ఇంతకంటే చవకైన వైద్యం లేదు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. మీ దగ్గరో, మీ సంఘం దగ్గరో పాత డీటీపీ ఫైళ్ళు ఉంటే యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోండి. మార్చే పరికరాలు ఉచితంగానే దొరుకుతాయి. వత్తులు, గుణింతాలు అక్కడక్కడా చెడతాయి, కాబట్టి ఒకసారి చదివి దిద్దండి. పాత ఫైలు పారేయకండి, రెండూ దాచండి. తీర్మానాలు, సభ్యుల జాబితాలు, ఊరి చరిత్ర రాసిన పుస్తకాలు ఎన్నో ఆ ఫాంట్లలోనే ఇరుక్కుని ఉన్నాయి. ఆ ఫాంటు నడిచే చివరి కంప్యూటర్ పాడైతే, ఫైలు ఉండి కూడా లేనట్టే.

ఆస్‌బోర్న్ కొన్నవాళ్ళకు పెట్టె తెరిచిన రోజే పని మొదలైంది. మన తెలుగుకు ఆ రోజు రావడానికి ఇరవై ఏళ్ళు ఆలస్యమైంది, కానీ వచ్చింది. ఇప్పుడు మన దరఖాస్తు మనమే రాసుకోవచ్చు. అందులో ఏం రాసి ఉందో ఇంకొకరిని అడగక్కర్లేదు. ఈ వారం ఒక్క ఉత్తరం, ఒక్కటే, మీ ల్యాప్‌టాప్‌లో తెలుగులో కొట్టి చూడండి. ఎక్కడ ఆగిందో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో అక్కడి నుంచే మాట్లాడుకుందాం. ఉంటాను మరి.