యాదగిరిగుట్టలో ఏడాదంతా ఉత్సవాలే.. ఏది ఎప్పుడంటే?

యాదగిరిగుట్ట: లక్ష్మీనరసింహస్వామి కొండపై ఏడాది పొడవునా ఏదో ఒక ఉత్సవం జరుగుతూనే ఉంటుంది. అయితే తిథి, నక్షత్రాలను బట్టి చేస్తారు కాబట్టి ఇంగ్లిష్ తేదీలు ఏటా మారిపోతాయి. ఫాల్గుణంలో, అంటే ఫిబ్రవరి-మార్చి నెలల్లో 11 రోజుల బ్రహ్మోత్సవాలు ఉంటాయి. ఎదుర్కోలు, తిరుకల్యాణం, రథోత్సవం వీటిలో ముఖ్యమైనవి. వైశాఖ శుద్ధ చతుర్దశికి స్వామివారి జయంతి, శ్రావణంలో పవిత్రోత్సవాలు జరుగుతాయి. కార్తీకంలో సత్యనారాయణ వ్రతాలకు రద్దీ ఎక్కువ. ధనుర్మాసంలో ముక్కోటి ఏకాదశి వస్తుంది.

బ్రహ్మోత్సవాలకు వెళ్లలేకపోయినవాళ్లు ఏడాది ఆగక్కర్లేదు. స్వామివారి జన్మనక్షత్రం స్వాతి. ఇది దాదాపు 27 రోజులకోసారి వస్తుంది. ఆ రోజు 108 కలశాలతో అభిషేకం, భక్తుల గిరి ప్రదక్షిణ ఉంటాయి. బయల్దేరే ముందు పంచాంగం ఒకసారి చూసుకుంటే చాలు.