అల్లూరి పేరు, మన్యం గోడు

అల్లూరి సీతారామరాజు మీద ప్రశ్న వేయడం తెలుగునాట ఇప్పటికీ తేలిక కాదు. ఇరవై ఏడేళ్లు నిండకుండానే తెల్లదొరల తుపాకులకు ఎదురు నిలిచి ప్రాణమిచ్చిన మనిషి ఆయన. ఆ త్యాగాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, చేసినా అది తగ్గేదీ కాదు. అయితే ఆయన నేలకొరిగి వందేళ్లు దాటిపోయాయి. ఆ పోరాటం ఎవరిది, ఎందుకు పుట్టింది, దాని ఫలం చివరికి ఎవరికి దక్కింది అని అడగడానికి ఇంతకాలం చాలు. అడిగే హక్కు అందరికంటే ముందు అడవిలో ఉన్నవాళ్లది. భద్రాచలం నుంచి శబరి గోదావరిలో కలిసే కూనవరం దాకా, అటు చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటు దిగి రంపచోడవరం దాకా ఉన్న కోయ, కొండరెడ్డి గూడేలది.

మన్యం పితూరీలు, అంటే తిరుగుబాట్లు, అల్లూరితో మొదలు కాలేదు. చాలామందికి తెలియని ఈ సంగతిని ముందు చెప్పుకోవాలి. ఆయన పుట్టడానికి దాదాపు వందేళ్ల ముందు నుంచే రంప కొండలు కుంపణీ సర్కారుకు నిద్ర లేకుండా చేశాయి. 1857 తిరుగుబాటు వేడి ఇంకా చల్లారకముందే కొరటూరు కొండరెడ్డి నాయకుడు సుబ్బారెడ్డి పోలవరం అడవుల్లో తిరగబడి, 1858లో ఉరికంబం ఎక్కాడు. ఆ తర్వాత 1879లో వచ్చిన రంప పితూరి అయితే మన భద్రాచలం సీమను నేరుగా తాకింది.

ఎలా తాకిందో కాస్త వివరంగా చూడాలి. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మొదట నాగపూర్ కేంద్రంగా నడిచే సెంట్రల్ ప్రావిన్సుల కింద, ఎగువ గోదావరి జిల్లాలో ఉండేవి. 1874లో వాటిని మద్రాసు సర్కారుకు అప్పగించారు. పాత పాలనలో పోడు కొట్టుకోవడానికి అడ్డు దాదాపు లేదు. గొడ్డలికి నాలుగణాలు కడితే సరిపోయేది. మద్రాసు అధికారులు వచ్చాక ఆ పన్ను మూడు రెట్లయింది, కొన్ని అడవుల్లో పోడే కొట్టకూడదన్నారు. రంపలో వేరే మంట రగులుతోంది. అక్కడి మన్సబుదారు కల్లు మీద చిగురుపన్ను గుంజేవాడు. సర్కారు కల్లుపాటలు పెట్టి ఆ హక్కును గుత్తేదార్ల చేతిలో పెట్టింది. మైదానం వ్యాపారులు అప్పులిచ్చి, కోర్టు డిక్రీలు తెచ్చి, పశువుల్నీ పంటనీ తోలుకుపోయేవారు. పోలీసులకు మామూళ్లు సరేసరి. 1879 మార్చిలో రంప భగ్గుమంది. కొన్ని నెలల్లోనే ఆ సెగ రేకపల్లికి పాకింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటి తిరుగుబాటు నాయకులను అణచడానికి ఆరు రెజిమెంట్ల మద్రాసు పదాతి దళం రావలసి వచ్చింది. ఆనాటి రేకపల్లి ఈనాటి వరరామచంద్రపురం మండలంలో ఉంది. తమ్మన్నదొర పేరు ఖమ్మంలో ఏ బడిపిల్లవాడిని అడిగినా చెప్పలేడు. చెప్పలేకపోవడం వాడి తప్పు కాదు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడుకు, వంటచెరకుకు, అడవి ఫలసాయానికి, మేతకు అన్నిటికీ రిజర్వు హద్దులు పడ్డాయి. ఆపైన వెట్టి. అల్లూరి అడుగు పెట్టేనాటికి మన్యంలో మందుగుండు పేర్చే ఉంది.

1897లో విశాఖ జిల్లా పాండ్రంగిలో, మేనమామల ఊళ్లో పుట్టిన సీతారామరాజు సొంతూరు భీమవరం దగ్గరి మోగల్లు. క్షత్రియ కుటుంబం. చిన్నప్పుడే తండ్రి పోయాడు. చదువు మీద మనసు నిలవలేదు. సన్యాసిగా తీర్థాలు తిరిగి, 1917 ప్రాంతంలో కృష్ణదేవిపేట చేరాడు. తాగుడు మానమన్నాడు. ఖద్దరు కట్టమన్నాడు. తగాదాలు కోర్టుకెక్కకుండా పంచాయతీలో తీర్చుకోమన్నాడు. సహాయ నిరాకరణ మాటల్నే ఆయన కొండ మనుషులకు అర్థమయ్యేలా చెప్పాడు. పైడిపుట్టలో సర్కారు భూమి ఇచ్చి కుదురుగా కూర్చోబెట్టాలని చూసింది, ఆయన కూర్చోలేదు.

పోరుకు నిప్పు పెట్టింది మాత్రం గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ దాష్టీకం. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించే పనిలో కూలి ఎగవేసి జనాన్ని పిండాడు. బట్టిపనుకుల మునసబు గాం గంటందొరకు ఆయనతో తగువు వచ్చి మునసబుగిరీ పోయింది. గంటందొర, తమ్ముడు మల్లుదొర రాజుతో కలిశారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు వరసగా కొట్టారు. 26 తుపాకులు, రెండు వేలకు పైగా తూటాలు చేతికొచ్చాయి. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించుకున్నారు. ఆ వీరయ్యదొర అంతకుముందే పితూరీ చేసి సంకెళ్లలో పడ్డవాడు. పాత పోరు కొత్త పోరుతో చేయి కలిపిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్లో మాటు వేసి, ముందు నడిచే భారతీయ సిపాయిల్ని పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని కాల్చారు. డిసెంబరులో పెద్దగడ్డపాలెం దెబ్బతో మన్యం బలగం చెదిరింది. మలబారు పోలీసులు, ఆ తర్వాత అస్సాం రైఫిల్స్, చివరికి స్పెషల్ కమిషనరుగా రూథర్‌ఫర్డ్ దిగారు. 1924 మే 7న కొయ్యూరులో రాజును చెట్టుకు కట్టి కాల్చేశారు. విచారణ లేదు, కోర్టు లేదు. గంటందొర మరుసటి నెలలోనే కాల్పుల్లో పోయాడు. మల్లుదొర అండమాను జైలు పాలయ్యాడు.

ఇక ప్రశ్నలు.

మొదటిది నాయకత్వం గురించి. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ గూడెం, రంప పితూరీలను 1839 నుంచి 1924 వరకు ఒకే వరసలో పెట్టి చూశాడు. అలా చూస్తే రాజు ఆ వరసలో చివర వచ్చిన బయటి మనిషి. కొండల్లో తిరుగుబాట్లకు వెన్నెముక ముఠాదారులు. ముఠాదారంటే కొన్ని గ్రామాల మీద పెత్తనం ఉన్న కొండదొర. సర్కారుకు కట్టుబడి కట్టి, రైతు దగ్గర శిస్తూ వెట్టీ తీసుకునేవాడు. తెల్లవాళ్లు అతని పెత్తనానికి కోత పెట్టారు, అదొక కోపం. పోడు రైతుకు అడవే పోయింది, అది వేరే కోపం. ఈ రెండు కోపాల్నీ స్వరాజ్యం అనే ఒక్క మాట కింద కలిపి కట్టిన శక్తి రాజుది. ఇది చిన్న ఘనత కాదు. అయితే ముఠాదారు కింద నలిగిన రైతుకు రేపు ఏం దక్కాలన్న ప్రశ్న ఆ రెండేళ్ల యుద్ధంలో ముందుకు రాలేదు. ముఠాదారీ పద్ధతి స్వాతంత్ర్యం వచ్చాక కూడా రెండు దశాబ్దాలు బతికి, 1969లో గానీ రద్దు కాలేదు. రాజును విమర్శించాలంటే ఇక్కడే విమర్శించాలి. ఆయన బయటివాడు కావడం నేరం కాదు. కొండలోని ఎక్కువతక్కువల జోలికి పోరు వెళ్లకపోవడం లోటే.

రెండోది జాతీయోద్యమం గురించి. చౌరీచౌరా తర్వాత 1922 ఫిబ్రవరిలో గాంధీజీ ఉద్యమం ఆపేశారు. ఆరు నెలలకు మన్యం లేచింది. సాయుధ మార్గమని కాంగ్రెస్ దూరంగానే ఉండిపోయింది. తిండిగింజలు బిగబట్టి, పోలీసు బలగాల్ని గూడేల మీద తోలి సర్కారు జనాన్ని నలిపిన రోజుల్లో మైదానం నుంచి అందిన ఆసరా చాలా తక్కువ. రాజు పోయిన అయిదేళ్లకు, 1929లో గాంధీజీ యంగ్ ఇండియాలో ఆయన ధైర్యాన్ని మెచ్చుకున్నారు, మార్గాన్ని కాదన్నారు. ఆపైన రాజు నెమ్మదిగా అందరివాడయ్యాడు. బతికి ఉండగా తోడు రానివాళ్లు పోయాక ఊరేగించడం మన దేశంలో కొత్త కాదు. ఆ ఊరేగింపులో రాజు ఒక్కడే పల్లకీ ఎక్కాడు, మోసినవాళ్లు కొండలోనే మిగిలిపోయారు.

మూడో ప్రశ్న అదే, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. 1974లో కృష్ణ నూరో సినిమాగా వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగు ఇళ్లన్నిటికీ ఆయన రూపాన్ని స్థిరం చేసింది. కాషాయం, గడ్డం, విల్లంబులు. ఇప్పుడు ఊరూరా ఉన్న విగ్రహాలు చాలామటుకు ఆ రూపానివే. 1986లో తపాలా బిళ్ల వచ్చింది. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం వచ్చింది. మన్యం మనుషులు ఆయన చుట్టూ నిలబడే బలగంగా మిగిలారు. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ మరో అడుగు ముందుకేసింది. చరిత్రలో ఎన్నడూ కలిసిన దాఖలా లేని అల్లూరినీ, 1940లో జోడేఘాట్ దగ్గర నేలకొరిగిన గోండు వీరుడు కొమరం భీమునీ స్నేహితుల్ని చేసి, చివర భీముడి చేత రాజును చదువు అడిగించింది. జల్, జంగల్, జమీన్ అన్న పోరాటానికి ప్రతీకైన మనిషి చేత ఆ మాటల్ని రాజు దగ్గర నేర్చుకునేట్టు చూపించడం ఎంత బాధ కలిగిస్తుందో ఆదివాసీ మిత్రుల్ని అడిగితే తెలుస్తుంది. పొరపాటున జరిగిందని నేను అనుకోను. అడవిలో పోరాటానికి తెలివి బయటి నుంచి రావాలన్న నమ్మకం మన మైదానం మనసుల్లో పాతుకుపోయి ఉంది. ఇంకోపక్క ఆయన కులపు సంఘాలు జయంతులు ఘనంగా చేస్తాయి. చేసుకోవచ్చు, తప్పు లేదు. కాని పోరు చేసిన కొండదొరలు, కోయలు, బగతలు ఆ వేదికల మీద ఎక్కడ?

మల్లుదొర సంగతి చూడండి. ఉరికొయ్య అంచుదాకా వెళ్లి, అండమానులో ఏళ్లు గడిపి బయటికొచ్చి, 1952 తొలి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. పోలీసు స్టేషను కొట్టిన ఆదివాసి స్వతంత్ర భారత పార్లమెంటులో కూర్చున్నాడు. ఇంత గొప్ప కథ మన దగ్గర ఉండి, మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీకి నోచుకోలేదు. మన వైపు చూస్తే, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్వంచ అడవుల్లో కోయల్ని నడిపి ప్రాణాలిచ్చిన సోయం గంగులుదీ అదే గతి.

పేర్ల మాట అలా ఉంచి, పోరాటానికి కారణమైన బాధలు ఏమయ్యాయో చూడాలి. వారసత్వానికి అసలు కొలత అది. భూమి విషయంలో 1917 చట్టం, 1959 రెగ్యులేషన్, దాన్ని గట్టిపరిచిన 1970 నాటి వన్ ఆఫ్ సెవెంటీ ఉన్నాయి. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ కారాదని కాగితం చెబుతుంది. భద్రాచలం, బూర్గంపాడు, అశ్వాపురం వైపు నడిచి చూస్తే ఆ కాగితం ఎంతమేరకు అమలైందో కళ్లకు కడుతుంది. పోడుకు 2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది, తెలంగాణలో 2023లో పట్టాలూ ఇచ్చారు. అయినా వానాకాలం వస్తే అటవీ సిబ్బంది కందకాలు, మొక్కలు, కేసులు, గొడవలు. ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలు స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి మూడో నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. గొడ్డలికి నాలుగణాల నాటి తగువు రూపం మార్చుకుంది గాని తెగలేదు.

ఇప్పుడు మన గడప ముందరి సంగతికి వస్తాను. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసిన భద్రాచలం డివిజను 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం రెండు ముక్కలైంది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, భద్రాచలం పట్టణం పోగా మిగిలిన ఆ మండలం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొంత ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. గ్రామసభల్ని అడిగి చేసింది కాదు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఎటపాక (ఆ మిగిలిన భద్రాచలం మండలమే) అప్పుడు అందులో చేరాయి. అంటే అప్పట్లో రేకపల్లి అల్లూరి పేరు పెట్టుకుంది. అదే ఏడు జూలై 4న భీమవరంలో ప్రధాని ముప్పై అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించారు. పన్నెండు రోజులకు, జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. 1986 తర్వాత అంత నీరు అదే. మూడో హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ జిల్లాలోని ఈ నాలుగు మండలాల జనం పిల్లల్నీ మేకల్నీ పట్టుకుని కొండలెక్కారు. పోలవరం నిండుగా నిలిస్తే ఆ ఊళ్లలో ఎన్నో శాశ్వతంగా మునుగుతాయి. ముంపు కుటుంబాల్లో పెద్ద భాగం కోయలు, కొండరెడ్లు. కాలనీలు సగంలో ఉన్నవి ఉన్నాయి, ప్యాకేజీ కోసం ఏళ్లుగా ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. అడవికి అడవి ఇస్తామన్నవాళ్లు మాత్రం లేరు. ఇప్పపువ్వు, తునికాకు, అడ్డాకు, జీలుగు చెట్టు, గుట్ట మీది వేల్పు, వీటికి నష్టపరిహారం లెక్కకట్టే పద్దు సర్కారు దగ్గర లేదు.

రాజు పేరును ఒక జిల్లాకు పెట్టి, మన్యం జనాన్ని నీళ్లకు వదిలేయడం ఆయనకు మర్యాద కాదు. ఆయన బతికి ఉంటే ఏం చేసేవాడో ఊహించనక్కర్లేదు, 1922లో చేసింది చాలు. ఆయన్ని మనం తగ్గించాల్సిన పని లేదు. ఆయన పక్కన నిలిచినవాళ్లను పెంచాలి. గంటందొర, మల్లుదొర, వీరయ్యదొర, రాజు దళంలో పోరాడిన ఎండు పడాలు పేర్లు రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లోకి రావాలి. తమ్మన్నదొర, సుబ్బారెడ్డి పేర్లు చెక్కిన రాయి రేకపల్లిలో నిలవాలి. అంతకంటే ముందు, ప్రతి ముంపు గూడేనికీ చట్టం చెప్పినట్టు భూమి, ఇల్లు, అడవి మీద హక్కు ముట్టేదాకా పోలవరంలో నీరు నిలపకూడదు. విగ్రహాలకు పూలదండలు వేసే రెండు రాష్ట్రాల నాయకులను మనం అడగాల్సింది ఇదే. వచ్చే జూలై 4న మీ ఊళ్లో సభ జరిగితే, వేదిక మీద ఒక కొండరెడ్డినో ఒక కోయనో కూర్చోబెట్టి మైకు వాళ్ల చేతికివ్వండి.